మూడు ముక్కలు

పకోయిమాలో రాళ్ల గోదాము నుంచి
మూడు నమూనా ముక్కలు తెచ్చుకున్నాం.
అరచేయంత పాలరాయి.
బంగారు రవ్వల నల్ల గ్రానైటు.
ఇంకోటి రాయి కాని రాయి,
పొడికొట్టి, జిగురు కలిపి, ఒత్తి
పుట్టుమచ్చైనా లేకుండా కన్నది.

రాత్రి వాటికి పరీక్ష పెట్టాను.
తలా ఓ చుక్క చింతపండు పులుసు,
పసుపు కలిపిన నూనె,
పొయ్యి మీంచి దించిన పోపు గరిటె.

తెల్లారేసరికి పాలరాయి
అన్నీ ఒప్పేసుకుంది.
పులుసు కొరికినచోట వెలిసిన వలయం,
పసుపు తాకినచోట కామెర్ల కన్ను.
గ్రానైటు ఒక్క తుడుపుకి ఊరుకుంది,
మనసులో పెట్టుకుందేమో తెలీదు.
మూడోది మొహం కడుక్కుని కూర్చుంది.
గరిటె అడుగున మాత్రం
చిన్న గోధుమరంగు మరక.

"గరిటె కింద గుడ్డ వేద్దాంలే, ఇదే తీసుకుందాం" అన్నాడు కామేష్.
ఏటా మైనం పట్టించక్కర్లేదు,
అతుకు కనపడదు,
అడుగుకి పన్నెండు డాలర్లు తక్కువ.
ఒక్క మాటా అబద్ధం కాదు. తలూపాను.

గ్రానైటు వీపున అంటించిన కాగితం మీద
చీమకుర్తి అని ఉంది.
మాది బొబ్బిలి వైపు. ఆ ఊరు
బస్సు కిటికీలోంచైనా చూసెరగను.
పేరు చూసి రాయి కొనేంత బెంగా లేదు నాకు.
కొండ ఉన్నచోట ఇప్పుడు గొయ్యి ఉందని మాత్రం విన్నాను.

శనివారం కొలతలకి ఎవరిస్తో వచ్చాడు.
నలభై ఉండవు.
అట్టముక్కలు కత్తిరించి మూల మూలకీ ఆనిస్తూ
రెండుసార్లు కూర్చున్నాడు.
గ్లాసుతో నీళ్లిస్తే పట్టుకున్నాడు గానీ
గుటక వెయ్యడానికి ఊపిరి సందివ్వలేదు.

"కొయ్యడానికి ఏది సులువు?"
నా వచ్చీరాని స్పానిష్‌లో అడిగాను.
మూడో ముక్క మీద వేలు పెట్టాడు.
వెన్నలా తెగుతుందట.
వేలు తియ్యలేదు.
"దీని పొడి పొడిలా ఉండదమ్మా, పొగలా ఉంటుంది.
లోపలికి వెళ్లాక
మళ్లీ రాయవుతుంది.
మా అన్నకి అయింది."

"నీళ్లు పోస్తూ కోస్తారుగా?" అన్నాడు కామేష్.
"కొన్నిచోట్ల."

"గ్రానైటుకి ఆ బాధ లేదా?"
ఉందనేస్తాడని భయపడుతూనే అడిగాను.
"ఉంది. తక్కువ" అన్నాడు,
బేరం తెలియని మనిషి.

అట్టలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.
మెట్ల దగ్గర దగ్గు,
వ్యాను తలుపు చప్పుడు,
మళ్లీ దగ్గు.

ఇప్పటికైతే పాత టైళ్ల గట్టే.
సందుల్లో ఇరుక్కున్న ఆవాలు
టూత్‌పిక్‌తో తీసుకుంటున్నాను.
గోదాము నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

ఎవరిస్తో తాగని నీళ్ల గ్లాసు
సాయంత్రం దాకా
ఆ మూడో ముక్క మీదే ఉండిపోయింది.
ఎత్తి చూస్తే
కింద తడి వలయం.
చీరకొంగుతో అద్దాను.

ఏమీ లేదు.
ఎవరూ రానట్టే ఉంది.