పోటూ పాటూ

స్ప్రింగులు కోయించినప్పుడు సంబరమే.
నేలకీ కారుకీ మధ్య నాలుగు వేళ్ళు.
రాజోలు సెంటర్లో కుర్రాళ్ళు వంగి చూసేవాళ్ళు
చక్రాలు ఏ తొర్రలో దాక్కున్నాయా అని.
ఏటిగట్టు దిగేటప్పుడు మాత్రం
బంపరు గీరుకున్న చప్పుడు
నా పళ్ళలో వినపడేది.

ఇప్పుడు ఇంజను కింద నూనె కారుతోంది.
రాత్రి అట్టముక్క పరిస్తే
తెల్లారేసరికి గారె అంత మచ్చ.
అరువు జాకీ ఒకటి తెచ్చాను. దూరదు.
దాని తల అయిదు వేళ్ళు, నా సందు నాలుగు.
షోకుకి తగ్గించుకున్న ఆ ఒక్క వేలూ
ఎదురుగా నిలబడి లెక్క అడుగుతోంది.

పిట్టగోడ మీంచి చూస్తున్నాడు ఓలేటి పోలిరాజు.
తాళ్ళరేవులో నావలు కట్టిన వడ్రంగి,
ఇప్పుడు మా పక్క వాటాలో పీటలూ మంచాలూ చేస్తాడు.
"నువ్వెత్తే ముందు అదే ఎక్కాలి గదరా" అన్నాడు.

రెండు మద్దిచెక్క పలకలు, చివర్లు ఏటవాలుగా చెక్కి
ముందు చక్రాలకి ఎదురుగా పరిచాడు.
మొదటి గేరులో, నిద్రపోయే పిల్లని దాటినంత నెమ్మదిగా,
కారు తనే రెండంగుళాలు పైకెక్కింది.
జాకీ దూరింది.

నేను పిడి పట్టుకున్నాను.
ఆయన మడమతో నేలని ఒక్క నొక్కు నొక్కాడు.
గుంట. గుంటలో చెమ్మ.
"రెండు మూరలు తవ్వితే గోదారి ఇక్కడ.
అంత బరువూ అరచెయ్యంత చోట పెడతావా?"
మందపాటి ప్లైవుడ్ ముక్క జాకీ కిందకి వెళ్ళింది.
హ్యాండ్ బ్రేకు అడిగాడు. గేరు అడిగాడు.
వెనక చక్రాలకి అటూ ఇటూ ఆపుచెక్కలు కొట్టి
సుత్తి నాకిచ్చి, నన్నూ కొట్టమన్నాడు.

ఎత్తాక కింద పెడదామని సిమెంటు ఇటుకలు తెచ్చాను.
ఒకటి చేతిలో తిప్పి చూసి
అరటి పిలకల్లోకి విసిరేశాడు.
"చెక్క ఇరిగే ముందు మూలుగుద్ది. ఇటిక సెప్పదు."
ఎవరికి చెప్పలేదని అడిగాను.
"మా బావమరిదికి" అని
సంచిలో ఏదో వెతుక్కున్నాడు, చాలాసేపు.

ఆ పని ఆ రోజు అక్కడే ఆగింది.

మర్నాడు రావులపాలెం నుంచి రెండు ఇనప స్టాండ్లు.
తలుపుల కింద, ఫ్యాక్టరీవాడు గంటు పెట్టిన చోట,
అటొకటి ఇటొకటి, వాటి కిందా పలకలు.
జాకీ మర కొంచెం వదిలితే
కారు ఒక్కసారి కిర్రుమని ఇనుము మీద కూర్చుంది.

"జాకీ లోపల ఏముంటది?"
"నూనె."
"అంటే నీళ్ళ మీద పెట్టినట్టే.
పోటొస్తే నీరు ఎంత నావనైనా ఎత్తుద్ది అబ్బాయ్.
పాటొస్తే అడక్కుండా దింపేద్ది.
కింద ఎవడున్నాడో దానికేం తెలుసు?
ఎత్తేది ఏరు, మోసేది ఏరు."

రెండు చేతులా కారుని పట్టి ఊపాడు, గట్టిగా, కోపంగా.
పడేదేదో నేను బయటున్నప్పుడే పడాలట.
పడలేదు.
విప్పిన చక్రాన్ని కూడా పక్కనించి కిందకి తోసి
జాకీని ఊరికే ఆనించి ఉంచి
మా వీరవేణిని గడపలో కూర్చోబెట్టాడు
నన్ను మధ్య మధ్య పిలుస్తూ ఉండమని.

కింద వేరే ఊరు.
బురద వాసన, పాత నూనె, ఎండిన గడ్డిపరక ఒకటి
సైలెన్సరుకి చుట్టుకుని.
పదిహేడో నంబరు స్పానరు, సగం తిరిగి మొరాయించిన బోల్టు.
"ఉన్నావా?"
"ఉన్నా."
చిక్కుడుకాయలు విరిచే చప్పుడు.
"ఉన్నావా?"
"ఉన్నానే."
మూడోసారి తను మర్చిపోయింది.
అడక్కుండానే చెప్పాను.

బయటికొచ్చి చూస్తే
తోడుగా ఆనించిన జాకీ
ఒక వేలు కిందికి దిగి ఉంది.
చప్పుడు లేదు. ఎవరూ ముట్టుకోలేదు.
పోలిరాజు ఆ సందులో చూపుడువేలు పెట్టి చూసి
తీసి, లుంగీకి తుడుచుకున్నాడు.

లోపల్నించి వీరవేణి మళ్ళీ పిలిచింది.
బయటే నిలబడి ఉన్నాను.
అయినా పలికాను.