ముచ్చిక

పేరు లేకుండానే ఏడు నెలలు పనిచేసింది మా సాఫ్ట్‌వేర్.
గుంటూరు అరండల్‌పేటలో జిరాక్స్ షాపు మీద గది,
ఫ్యాను వేస్తే తెర వణికేది.
యలమంద కోడు రాసేవాడు,
నేను దాని మీద పెళ్లిళ్లు కోసేవాణ్ణి.
వీడియోలండీ, కంగారు పడకండి.

మిర్చి సీజన్లో జరిగే పెళ్లిళ్లకి
నాకు కూలి ఎక్కువివ్వాలి నిజానికి.
మంత్రం మధ్యలో తుమ్ము,
తలంబ్రాల మీద తుమ్ము,
పంతులుగారే తుమ్మితే ముహూర్తం మాటేంటని గొడవ,
ఆ గొడవా నేనే తీసెయ్యాలి.

పేర్లకని ఒక నోటుబుక్కు పెట్టాం.
దృశ్యసంధాని, అన్నాడు యలమంద.
పలికేలోపు క్లిప్పు అయిపోద్దన్నాను.
ఏ ఇంగ్లీషు ముక్కైనా సరే, చివర ప్రో ఉండాలంది
డబ్బు పెట్టిన సుకీర్తి.
కత్తెర అనుకున్నాం కొన్నాళ్లు.
ఆ బోర్డు నాదేనన్నాడు పక్క టైలరు.

ఫిబ్రవరిలో మస్తాన్‌బీ వచ్చింది
చెల్లెలి నిఖా వీడియో కోసం,
యార్డు నుంచి అట్నుంచటే,
కొంగు నిండా ఘాటు మోసుకుని.
గదిలో ఉన్నవాళ్లందరం దగ్గాం. ఆమె దగ్గలేదు.
కుర్చీకి కారమంటుద్దని
నిలబడే చూసింది.

తెరమీద ఖాజీగారు అడిగారు.
పిల్ల తల వంచుకుంది.
కబూల్.
నడుమ పదకొండు సెకన్లు తీసేశాను,
ఏమీ లేదక్కడ, ఒక గాజు కదిలిన చప్పుడు తప్ప.

"మళ్లీ వెయ్యి."
వేశాను.
"మా పిల్ల ఇంత గబుక్కున చెప్పలా.
ముచ్చిక మొదలంటా గిల్లేశావేందయ్యా,
గింజలన్నీ రాలిపోయినయ్ చూడు."

కాయ చెట్టుని పట్టుకున్న చోటంట అది.
అక్కడ నోరు తెరుచుకుంటే
టిక్కీ అడుగున గింజలే మిగుల్తాయని
బొటనవేలు గాల్లో తిప్పి చూపించింది.
ఆ వేలికి గోరు సగమే ఉంది.
"మీరు రోజంతా తీసేది అదేగా?" అన్నాను.
"సేటు తీయమంటే తీస్తాం.
దీనికెవరు తీయమన్నారు నిన్ను?"

తెచ్చి పెట్టాను పదకొండు సెకన్లూ.
గాజు చప్పుడు దగ్గర మస్తాన్‌బీ
కళ్లు తుడుచుకోబోయి ఆగింది,
కారం చేతులు గదా,
మోచేతి మడతతో ఒత్తుకుంది.

ఆ రాత్రి యలమంద ఇంటికెళ్లలేదు.
ఇప్పుడు ఎక్కడ కోసినా
కోతకి ఆ పక్కా ఈ పక్కా
పన్నెండేసి ఫ్రేములు పారెయ్యదు మా సాఫ్ట్‌వేర్.
కనపడవు. లాగితే వస్తాయి.

నోటుబుక్కులో చివరి పేరు చూసి
"హైదరాబాదులో ఎవరికి అర్థమవుద్దిది?" అంది సుకీర్తి.
అడుగుతారులే అన్నాను.
అడిగినప్పుడు ఇదంతా చెప్పాలి మరి,
ప్రో అయితే ఏం చెప్తాం.

వారానికి మస్తాన్‌బీ మళ్లీ వచ్చింది.
పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాను.
అటూ ఇటూ తిప్పి చూసింది.
మూత ఎప్పుడో పోయింది దానిది.

"దీనికి కూడా గిల్లేశావా?"