కొసరు

కురుపాం మార్కెట్టులో మా కొట్టుకి
పొద్దున్నే రెండు పనులు:
షట్టరెత్తడం,
రాత్రంతా పోర్టు నుంచి వచ్చి కూర్చున్న ఎర్రదుమ్ముని
తాన్ల మీద నుంచి లేపడం.
మూడోది ఈమధ్యే చేరింది,
గోడకంటించిన కాగితం చదువుకోవడం.

షావుకారు గారబ్బాయి హేమసుందరం
హైదరాబాదులో మూడ్రోజుల క్లాసు విని వచ్చాడు.
ఖరీదైంది ముందు చూపించు,
తర్వాతవన్నీ చవగ్గా కనిపిస్తాయి.
ఆఖరి పీసని చెప్పు,
చెయ్యి దానంతటదే చాస్తారు.
నైజీరియా పిల్లలు రంగుకి పడతారు, మెరుపుకి పడతారు.
ఈ వాక్యం కింద రెండు గీతలు.

నేను అప్పలకొండని.
ఇరవై మూడేళ్ళుగా ఆడవాళ్ళ చీరలు
నా భుజం మీదే వేసుకుని చూపించినవాణ్ణి.
ఎన్ని పెళ్ళిచీరలు
పెళ్ళికూతురి కంటే ముందు నన్ను చుట్టుకున్నాయో.

మొన్న మంగళవారం, బోణీ కూడా కాలేదు,
ఋషికొండ కాలేజీ నుంచి మొరెనికె వచ్చింది.
మెట్లెక్కుతూనే "కస్టమర్! బాగున్నావా?" అంది.
కస్టమర్ నువ్వమ్మా, నేను కొట్టువాణ్ణి, అన్నాను.
మా ఊళ్ళో ఇద్దరికీ అదే పేరు, అంది.

కాగితం చెప్పినట్టే
పన్నెండు వేల లేసు ముందు పరిచాను.
ఆమె మెరుపు చూడలేదు.
తిరగేసి కుట్టు చూసింది.
గోటితో పూసని గీకింది.
ఫోన్లో ఇబాదాన్ నుంచి మేనత్త.
నలుపు, అంది. నలిపింది.
చెవి దగ్గర పెట్టు, అంది. పెట్టింది.
లేసు ఏం చెప్పిందో గాని
సముద్రం అవతల ఆవిడ పెదవి విరిచింది.

అప్పుడు తీశాను నీలం.
డాల్ఫిన్స్ నోస్ కింద లోతు నీళ్ళ నీలం.
"ఊరంతటికీ ఇదొక్కటే పీసమ్మా. ఇంక రాదు."
ఈ మాటకి ఎన్ని పర్సులు తెరుచుకున్నాయని!
ఆ పిల్ల మడతపెట్టి నా చేతిలో పెట్టేసింది.
"ఒక్కటేనా? ఐతే నాకెందుకు?"

అక్క పెళ్ళట.
చుట్టాలూ స్నేహితులూ నలభై మంది
ఒకే రకం బట్ట కుట్టించుకుంటారట.
అషో ఎబీ అంటారట.
ఎవరి తాలూకు మనిషో
వీధి చివర నుంచే బట్ట చెప్పాలి.
ఒక్కతే మెరిస్తే ఏం లాభం,
వెనక నడిచేవాళ్ళు వేరే రంగులో ఉంటే?

గొడౌన్లో ఇంకా ఆరు తాన్లున్నాయి, అన్నాను
నేలకేసి చూస్తూ.
ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.
"కస్టమర్..." అంది,
ఈసారి ఆ మాటనే సాగదీసి, చెవి మెలేసినట్టు.

బేరం గంటన్నర.
రెండుసార్లు కరెంటు పోయింది.
ఆమె నైరాలని రూపాయలు చేసింది,
రూపాయల్ని మళ్ళీ నైరాలు చేసింది.
మేనత్త మధ్యమధ్య దేవుణ్ణి పిలిచింది.
నేను అప్పన్న మీద ఒట్టు పెట్టబోయి
సగంలో మింగేశాను,
ఆ పూటకి ఒక అబద్ధం అయిపోయింది కదా.

కొలిచి కత్తెర పెట్టబోతుంటే
"జారా?" అంది.
ఏం జారిందోనని కిందకి వంగి వెతికాను.
అప్పుడు నవ్వింది, ఫోన్లో ఆవిడా నవ్వింది.
కొన్నదాని పైన ఇంకాస్త,
బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది.

ఓసినీ! కొసరు!
పూర్ణా మార్కెట్టులో మా అమ్మ
గుప్పెడు రొయ్యపొట్టు కోసం పోట్లాడిన మాట.
బిల్లు మిషన్లొచ్చాక
ఎవరూ అడగరు, నేనూ ఇవ్వను.
ఎంతమందికి ఇవ్వాల్సింది ఉండిపోయిందో.

కత్తెర జరిపాను.
అరమీటరు. చూసి, ఇంకో జానెడు.

రాత్రి స్టాకు లెక్కలో హేమసుందరం పట్టుకున్నాడు.
నీలం తగ్గింది, ఎవరి పేరున రాయను?
కస్టమర్, అన్నాను.

ఏ కస్టమరు? అన్నాడు.