సూదిబెజ్జం

పొగతోట సందులో మా ప్రింటింగ్ షాపుకి
శుభలేఖ పని మీద రాని మొదటి పిల్ల రిహానా.
కాకుటూరు నుంచి బస్సులో వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా
ఒక కాయితం ముందుకు తోసింది:
కటిక నలుపు మీద తెల్ల గీతలు, నూటా ఇరవై.
ఒక్కోటి వెంట్రుకలో సగం.

"ఇంత సన్నం దేనికి మా?
రొయ్యల మేత సంచి మీద అక్షరం బెత్తెడు లేకుంటే
రైతు తిరిగి చూడడే" అన్నా.
"చూసేవాళ్ల కోసం కాదు పెంచలయ్య బాబాయ్,
కాపురముండే వాళ్ల కోసం" అనింది.

ముప్పైయేళ్లుగా నాకు తెలిసిన వెలుగు వేరు.
గుడ్డకి జెలటిన్ పూసి, చీకట్లో ఆరబెట్టి,
పైన ఫిల్మ్, దాని పైన అద్దం,
మేడ మీద ఎండలో నిలబడి నోటితో లెక్క.
రోహిణి కార్తెలో నాలుగు వందలు,
ముసురు పట్టిందా, వెయ్యి దాటినా తెమలదు.
ఎండ తగిలింది గట్టిపడేది.
నల్లక్షరం కింద దాక్కున్నది నీళ్లతో పోయేది.
ఆ పోయిన చోట నుంచే
పెళ్లికొడుకు పేరు దిగేది.

ఆ పిల్లదంతా తిరకాసు.
గాజు మీద ముందే ఒక పూత ఉంటాదంట,
ఎవుర్నీ గడప తొక్కనీని మా ఇంటి ఓనరమ్మ లాంటిది.
కంటికి ఆనని వెలుగు పడితే
పడిన మేరకే అది చెదిరిపోయి
ప్రొటీన్‌కి చోటిస్తాదంట.
ప్రొటీన్ అంటే పప్పూ గుడ్డే కదా నాకు!
"ఇది జిగురు బాబాయ్,
కణం కాలు మోపేదానికి."

మూడు ఫిల్ములు చెడిపోయినాయి.
నాలుగోది, మూల పడేసిన పాత మిషను దుమ్ము దులిపి తీసినా.
భూతద్దం పెట్టుకోని, నలుపులో వెలుగు కారే ప్రతి బెజ్జాన్నీ
ఎర్ర ఇంకు కుంచెతో మూసినా.
తొంభై మూడు.

సోమవారం నన్ను కూడా లోపలికి రానిచ్చింది.
చెప్పులిప్పి, తెల్ల కోటు తొడిగి.
దీపం వెలిగింది, నా పెదాలు కదిలినాయి.
"మిషనే లెక్క పెడతాది బాబాయ్."
"పెట్టుకోనీ మా."

మర్నాడు గొట్టంలో కన్ను పెడితే
నా గీతలు!
ఒక్కో గీతలో కణాలు సాగి, ఒదిగి,
షేరాటోలో ఇరుక్కున్న ఇస్కూలు పిలకాయల మాదిరి.
మధ్యన ఖాళీలు ఖాళీగానే ఉండాయి.
ఎవురూ గీత దాటలా.
మరి చోటు దొరకనివో అంటే,
గుండ్రంగా ముడుచుకోని
నిన్న కడిగిన నీళ్లతో పోయినాయంట.
దానికి నేనేం మాట్లాడలా.

అంచున, నలుపు పడాల్సిన చోట,
ఒక్కటి.
అక్కడ నేనేం గీయలేదే.
తొంభై నాలుగో బెజ్జం.
చెవులు కాలినాయి నాకు.
"ఇంకో ఫిల్మ్ తీసిస్తా మా, డబ్బులొద్దు" అంటావున్నా,
ఆ పిల్ల వింటేనా? పుస్తకంలో టైము రాసుకుంటా ఉంది.
చుట్టూ అంటుకునేదానికి ఏం లేక
కాళ్లన్నీ దగ్గరికి లాక్కోని కూర్చోనుంది అది.
బతికే ఉండాది.

తల తిప్పి నా వేళ్ల వంక చూసింది.
బైక్రోమేట్ తిన్న పగుళ్లు, ఏటా మాని ఏటా తెరుచుకునేవి.
"పుండు పూడాలంటే కణాలు నడవాల బాబాయ్.
ఎట్టా నడస్తాయో చూసేదానికే ఈ గీతలన్నీ."
చెయ్యి జేబులో పెట్టుకున్నా.

ఇప్పుడు కొత్త ఫిల్మ్ బల్ల మీదుంది.
బుచ్చిరెడ్డిపాళెం వాళ్ల శుభలేఖలు తీగ మీద ఇంకా ఆరలా,
వాళ్లు రెండు సార్లు ఫోన్ చేసినారు.
కుంచె ఎర్ర ఇంకులో ముంచి
ఒక్కో బెజ్జం మూసుకుంటా మూసుకుంటా
ఆ అంచు దాకా వచ్చి
ఏడు దాకా లెక్క పెట్టి,
కుంచె కడిగేసినా.