చదివినట్టుగా భావించి

మినిట్స్ పుస్తకం నాది.
పదకొండేళ్లుగా ఈ ఊరు ఏమనుకుందో
నా చేతిరాతలోనే ఉంది.
అనుకున్నదంతా కాదు,
అనుకున్నట్టు రాయమన్నది.

చిత్తూరులో జూన్ నెల.
కౌన్సిల్ హాలు కిటికీలోంచి కూడా తోతాపురి వాసన.
రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
జ్యూసు ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా
కాయల మీదే తువ్వాలు పరుచుకొని నిద్రపోయే రైతులు.
టోకెన్ పిలుపు విన్నవాడికి కాలు ఆగదు.
సరుకు దించేసినవాడికి బండి ఆగదు.

అంశం ఇరవై మూడు:
ఫ్యాక్టరీ మలుపులో, బడి ఎదురుగా
స్పీడ్ బ్రేకర్ కోరుతూ అర్జీ.
అర్జీదారు, పంక్చర్ల చెంగల్రాయులు.

అంశం ఇరవై నాలుగు:
అదే మలుపులో
అనుమతి లేకుండా వెలసిన దిబ్బను
తొలగించాలని ఫిర్యాదు.

రెండూ ఒకే పేజీలో పడ్డాయి.
టైపు చేసింది నేనే. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

చెంగల్రాయుల్ని లోపలికి పిలిచారు.
గోళ్ల సందుల్లో గ్రీసు,
చంకలో బడిపిల్లల నోటుబుక్కు.
"ఏ ఆధారంతో అడుగుతున్నావు?" ఇంజినీరు.
"గీతలు సార్.
బ్రేకు గీతల్ని టేపు పెట్టి కొలస్తా ఉండా, రెండేండ్లుగా.
గీత యెంత పొడుగుంటే
వాడు అంత ఆలీసెంగా చూసినాడని లెక్క.
మొన్న మంగళవారందానికి
గీతే లేదు సార్."

ఫ్యాన్ల చప్పుడు.
ఎవరో దగ్గారు.
గీత లేదన్న మాట నేను రాసుకోలేదు.
మా ఫారంలో దానికి గడి లేదు.

ఆ తర్వాత టీ వచ్చింది, కారాబూందీ వచ్చింది.
ఒక సభ్యుడు తన వెన్నుపూస గురించి మాట్లాడాడు.
ఒకామె తన వార్డులో వెలగని దీపాల గురించి.
రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లదట,
మలుపు మనదట,
బడి గోడ మాత్రం పక్క పంచాయతీదట.
అడ్డం దాటే పిల్లలు ఎవరి పరిధిలోకి వస్తారో
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు,
నాది అడిగే కుర్చీ కాదు.

ఇరవై మూడు: పరిశీలన నిమిత్తం వాయిదా.
ఇరవై నాలుగు: ఏకగ్రీవం. తక్షణం.

ఆ దిబ్బ ఎవరు వేశారో ఊరికంతా తెలుసు.
ఆదివారం రాత్రి, కరెంటు పోయినప్పుడు,
చెంగల్రాయులు, బడిలో అన్నం వండే సుబ్బరత్న,
పని లేని ఇద్దరు లారీ క్లీనర్లు.
ఇటుక ముక్కలు, చీల్చిన టైరు,
ఫ్యాక్టరీ వెనక గుట్టలోంచి గంపల్తో మామిడి టెంకలు,
పైన, డ్రమ్ము అడుగు గీకి కాచిన తారు.
కొలతల్లేవు. టెండరు లేదు.
లారీలు మాత్రం తల వంచుతున్నాయి.

రాత్రి ఇంట్లో ఫెయిర్ కాపీ రాస్తున్నాను.
"తొలగించుటకు తీర్మానించడమైనది"
అన్నదానికి ముందు కాస్త జాగా మిగిలింది.
ఎప్పుడూ మిగులుతుంది, ఎప్పుడూ వదిలేస్తాను.
ఈసారి పెన్ను అక్కడే ఆగింది.
అన్నం చల్లారింది.

"అంశం ఇరవై మూడు అమలైన పిమ్మట"

అంతే రాశాను.
పదకొండేళ్లలో నా సొంత మాట అదొక్కటే.
వాక్యం కూడా కాదు, వాక్యంలో ముక్క.
తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

మరుసటి నెల.
"గత సమావేశపు మినిట్స్" అన్నారు మేయరు గారు.
నా చెవుల్లో రక్తం చప్పుడు.
"చదివినట్టుగా భావించి ఆమోదిస్తున్నాం" అన్నారు.
బల్లలు చరిచారు.
ఎవరూ పేజీ తిప్పలేదు.

ఇది తప్పే.
రేపు ఎవరైనా తిప్పొచ్చు.
పట్టుబడితే ఏం చెప్పాలో
స్కూటీ మీద రోజూ అనుకుంటాను,
రోజుకో రకంగా.
దిబ్బ దగ్గరికి రాగానే
కడుపులో చిన్న కుదుపు, మాట మరిచిపోతాను.

నిన్న సాయంత్రం వాన వెలిసింది.
టైర్లు అందని అంచున ఒక టెంక పగిలి
రాగి రంగు ఆకులు రెండు.
అవతల చెంగల్రాయులు వంగి ఉన్నాడు.
నన్ను చూడలేదు.
టేపు ఒక కొస బొటనవేలి కింద తొక్కిపెట్టి
తడి రోడ్డు మీద కొత్త గీత కొలుస్తున్నాడు.

పొట్టిది.
మూరెడు కూడా లేదు.