చిటికెన వేలు

మెర్రిక్ డౌలింగ్ కందిరీగల తుట్టెని కదిపాడు.
మన భాషలో ఇది వట్టి మాట వరస.
టాస్మేనియాలో, లాన్సెస్టన్ దాటాక లిలీడేల్ దారిలో,
ఇది మార్చి నెల, బుధవారం, మధ్యాహ్నం రెండున్నర.

కంచె వెంట ముళ్ళపొదలు కొడుతున్నాడు.
తుట్టె కొమ్మన లేదు, నేలలో ఉంది,
వాంబాట్ వదిలేసిన బొరియలో,
గడ్డపార దిగేదాకా ఎవరికీ తెలియని ఊరు.

చెల్లెలు థోరా గాట్లు లెక్కపెట్టింది. నూట పన్నెండు.
వీపు లెక్కలోకి రాలేదు.

మొదటిరోజు అందరూ గొంతు చూశారు, ఊపిరి చూశారు,
సూది వేసి గండం గడిచిందనుకున్నారు.
రెండోరోజు ఒంటేలు
మాడిన డికాక్షన్ రంగులో వచ్చింది.
మూడోరోజు అదీ రాలేదు.

విషం కండని కరిగిస్తుంది, కరిగిన కండ
నెత్తుట్లో కొట్టుకొచ్చి
కిడ్నీల సన్నకన్నాల్లో ఇరుక్కుంటుంది, అని చెప్పబోయాను.
డెయిరీలో పాలు పితికే మనిషి థోరా.
"వడపోత గుడ్డ పూడిపోయిందన్నమాట" అంది.
నాకంటే బాగా చెప్పింది.

విరుగుడు లేదా అంది.
పాముకి ఉంది. ఈ దేశంలో సాలీడుకీ ఉంది.
కందిరీగకి లేదు.
ఉన్నది రోజులు గడవడం. గడిపించే మిషను.

మెడలో లావుపాటి గొట్టం.
నెత్తురు బయటికెళ్ళి, కడుక్కుని, ఇంటికొస్తుంది,
రాత్రంతా, నా కళ్ళముందు.
పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది నుంచి దిగుతుంటే
తడిమెట్లు దిగే ముసలమ్మని చూసినట్టు చూశాను.
నాలుగోరోజు ఊపిరితిత్తుల్లో నీరు. నోట్లో ఇంకో గొట్టం.
ఐదోరోజు కళ్ళకి పసుపు పూసింది లివర్.
ఒక దూలం విరిగితే
పక్క దూలాలు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి.

ఎనిమిదో తరగతిలో తెలుగు అయ్యవారు చెప్పారు,
కందిరీగ పురుగుని గూట్లో పెట్టి
కుట్టి కుట్టి, చుట్టూ రొద చేసి చేసి
దాన్నీ కందిరీగని చేస్తుందట,
దేన్ని తలిస్తే అదే అయిపోతామట.
పరీక్షలో రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నాను.
అయ్యవారూ, నూట పన్నెండుసార్లు కుట్టాయండీ.
రెక్కలేవీ రాలేదు.
మనిషి వాచి, దుప్పటి కింద రెండింతలై పడుకున్నాడు.
తలుచుకునే తీరిక ఎవరిచ్చారు?

తొమ్మిదోరోజు మత్తు తగ్గించారు. మాట రాదు.
సైగలు నేర్పాను.
నొప్పికి పిడికిలి, దాహానికి బొటనవేలు,
ఇంకొకటి మా బళ్ళోది,
చిటికెన వేలెత్తితే ఒకటికి.
మూత్రపు గొట్టం వేసిన మనిషికి అదెందుకని
తోటి నర్సు బ్రైడీ నవ్వింది. మంచం కింద సంచి ఎండిపోయి ఉంది.
నేనూ నవ్వాను. నేర్పడం మానలేదు.

పదమూడోరోజు నోటి గొట్టం తీశారు.
మొదటి మాట చెల్లెలితో, "గడ్డపార తెచ్చావా?"
రెండోది నా బాడ్జి చూసి.
సువార్త. నాలుక తిరగలేదు. అర్థమేమిటన్నాడు.
మంచి కబురు, అన్నాను.
"అయితే చెప్పు."
సంచిలో పన్నెండు మిల్లీలీటర్లు.
దిండు సర్దాను.

పంతొమ్మిదోరోజు, కింది గొట్టం తీసిన మర్నాడు,
తెల్లవారుజాము నాలుగున్నర,
టేమర్ నది మీంచి మంచు వచ్చి అద్దాలకి ఆనుకుంది.
చివరి పడకమీద చెయ్యి లేచింది.
పిడికిలి కాదు.
బొటనవేలు కాదు.

సీసా పట్టుకుని పరిగెత్తాను, వార్డులో పరిగెత్తకూడదు.
నలభై మిల్లీలీటర్లు.
దీపానికి ఎత్తి చూశాను, ఎండుగడ్డి రంగు.

డాక్టరు చాలదన్నాడు,
శుక్రవారం మళ్ళీ మిషనుకే అన్నాడు.
నిజమే, చాలదు.
చార్టులో నలభై వేసి
దాని కింద, అక్కర్లేకపోయినా,
ఒక గీత గీశాను.