సుమీ

గార్డెనాలో, వెస్టర్న్ అవెన్యూ మీద మందుల షాపులో
పేర్లు పిలవడం నా ఉద్యోగం.
పేరు, పుట్టిన తేదీ, ఆ తర్వాతే మాత్రలు.
నా బ్యాడ్జి మీద ఇందీవరలో సగమే పట్టింది.
జీతం కూడా ఆ సగానికే వస్తుంది, ఇండీకి.

మేనేజరు గ్లెన్ హమసాకి.
వాళ్ళ ముత్తాత ఈ వీధి వెనకాలే
కౌలు నేలలో స్ట్రాబెర్రీలు పండించాడట.
గ్లెన్‌కి జపాను పేర్లు నోరు తిరగవు.
"నువ్వే పిలువు ఇండీ, నీకెలా వస్తాయో!" అంటాడు.
రావూ మరి?
అచ్చు తోడు లేకుండా
మాట గడప దాటని ఇంట్లో పెరిగినదాన్ని.
చియో, మసారు, హిరోము,
గుణింతంలా ఒప్పజెప్పేస్తాను.
మరి అనే ఆవిడ ఉంది,
వాక్యం మొదలెట్టి ఎవరో లేచిపోయినట్టుంటుంది.
ఓసారి ఎమి అనే పాప వస్తే
"పేరేమి?" "ఎమి."
నవ్వాపుకోలేక దగ్గుమందు సీసా జారవిడిచాను.
ఎందుకు నవ్వానో అక్కడ ఎవరికి చెప్పను?

ఒగాటాలు, హమసాకీలు అందరూ
స్యూలు, గ్లెన్లు, డోరీన్లు.
నిరుడు పుట్టిన వర్గాస్ గారి కవలలేమో
మినాటొ, నగీసా.
బొమ్మల సీరియళ్ళ పుణ్యం.

శుక్రవారం సాయంత్రం
జుట్టుకి నేరేడుపండు రంగు వేసిన పిల్ల వచ్చింది.
కార్డు మీద కేట్లిన్ డాబ్స్. ఉబ్బసం మందు.
"లేబుల్ మీద చుబామె అని వేయరా, ప్లీజ్?"
చు అంటే మన చుక్కలో చు.
అర్థం వానకోయిలని తనే చెప్పింది.
సీరియల్లో చుబామె కత్తి దూస్తే
చినుకులు గాల్లోనే నిలబడిపోతాయట.
"అర్ధరాత్రి ఊపిరందనప్పుడు
నన్ను నేను ఆ పేరుతోనే పిలుచుకుంటా.
కేట్లిన్ అంటే పలకను."
కంప్యూటరు ఒప్పుకోదు తల్లీ, అన్నాను.

వెనక వాకరు పట్టుకుని స్యూ ఒగాటా.
ముప్ఫై ఆరు, ఫిబ్రవరి. రక్తపోటు మాత్రలు.
"నాకూ ఒకటుండేది" అంది, ఎవరితోనూ కానట్టు.
"సుమికో. అమ్మ పెట్టింది.
ఆరిజోనా ఎడారిలో, ముళ్ళకంచె లోపలి బడిలో,
టీచరమ్మ హాజరు తొందరలో స్యూ చేసింది.
పాపం, నలభై మందిమి. ఎండ."

ఆ పిల్ల అప్పటికే ఫోను తీసింది.
"ఎలా రాస్తారు? సుమి అంటే బోలెడున్నాయి.
తేటనీరు. సిరా. బొగ్గు. గది మూల.
ఏది మీది?"

ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టి
నాలుగు అక్షరాలనీ చూసింది,
తప్పిపోయిన పిల్లల ఫోటోలు చూసినట్టు.
"తెలీదు.
మమ్మల్ని తీసుకుపోయే ముందు రాత్రి
జపాను అక్షరమున్న ప్రతి కాగితమూ
అమ్మ పొయ్యిలో పెట్టింది.
తర్వాత అడగొచ్చు. అడగలేదు.
బొగ్గే అయ్యుంటుందిలే" అని నవ్వింది.

పిల్ల నవ్వలేదు.
నాకేమో పాతపద్యాల్లో సుమీ గుర్తొచ్చింది,
ఒట్టు, నిజం, నమ్మమనే సుమీ.
దాని పక్కన కో.
తెచ్చుకో, దాచుకో,
గుర్తుంచుకో అన్నదాంట్లోనూ అదే కో.
వాళ్ళ కో అంటే బిడ్డట.
ఇదంతా ఇంగ్లీషులో చెప్పే తీరికేది,
ఫోను మోగుతోంది,
గ్లెన్ గడియారం చూస్తున్నాడు.

లేబుల్ మీద స్యూ అనే అచ్చయింది. రూలు.
పిలవడానికి మాత్రం రూలు లేదు.
"సుమికో ఒగాటా!"
విటమిన్ల అరల దాకా వినపడేట్టు పిలిచాను.
కదల్లేదు.
మళ్ళీ పిలిచాను.
మూడోసారికి చెవిమిషను సర్దుకుని,
వాకరు కొంచెం పక్కకి జరిపి,
ఆ వచ్చే మనిషికి దారిచ్చింది.